మూడు కెమెరాలు... మూడు చోట్లు... ఒక అవ్వ!

‘ఫోన్‌లోనే ఇంత మంచి కెమెరా ఉంటే, మళ్లీ వేరే కెమెరా ఎందుకు?’

కాంపాక్ట్ కెమెరా కొంటానని ఇంట్లో నోరు తెరిచిన ప్రతి ఒక్కరికీ ఎదురయ్యే ప్రశ్న ఇది. నిజం చెప్పాలంటే మంచి ప్రశ్నే. 2010లో ప్రపంచవ్యాప్తంగా 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు మార్కెట్‌లోకి వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం జేబులో పట్టే చిన్న కెమెరాలే. తర్వాత స్మార్ట్‌ఫోన్ వచ్చింది, ఆ మార్కెట్‌ని ఊడ్చిపెట్టేసింది. చవక రకాలన్నీ పోయాయి. ఫోన్ చేయలేనిది ఏదో ఒకటి చేసి చూపించగలిగినవే మిగిలాయి. ఇప్పుడు మళ్లీ వాటికే గిరాకీ. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు, రీల్స్ చేసేవాళ్లు, ఊళ్లు తిరిగేవాళ్లు వాటి కోసం వెతుకుతున్నారు.

మా పిన్ని కూతురిదీ అదే పిచ్చి. బెంగళూరులో ఉద్యోగం. ఏడాదిపాటు నెల నెలా పక్కన పెట్టి 80 వేలు దాచింది. ‘ఆ డబ్బుతో గొలుసు చేయించుకోవే’ అని పిన్ని పోరు. ఇదేమో రాత్రి పన్నెండింటి దాకా రివ్యూ వీడియోలు చూసి, పొద్దున్నే నాకు ఫోన్ చేసి రోజుకో మోడల్ పేరు చెప్పేది. ‘అక్కా, ఇది ఫిక్స్’ అనేది. మర్నాడు ఇంకోటి ఫిక్స్!

ఇలా కాదని ఒక పని చేశాం. బెంగళూరులో కెమెరాలు అద్దెకిచ్చేవాళ్లు ఉన్నారు. మూడు రోజుల సెలవు చూసుకుని మూడు రకాల కెమెరాలు అద్దెకు తీసుకున్నాం. లేపాక్షి, బెలుం గుహలు, గండికోట... మా సీమలోనే మూడు చోట్లు ఎంచుకున్నాం. లేపాక్షి మంటపంలో మసక వెలుగు. బెలుంలో చీకటి, ఉక్క. గండికోటలో ఎండ, దూరం. కెమెరాకి ఇంతకన్నా మంచి ప్రశ్నపత్రం ఎక్కడ దొరుకుతుంది?

బయల్దేరే ముందు చిన్న లెక్క

కెమెరా డబ్బా మీద పెద్దక్షరాల్లో కనిపించేది మెగాపిక్సెల్. మేం తీసుకెళ్లిన మూడింటిలో రెండు 20, ఒకటి 24. అంటే దాంతో తేలేది ఏమీ లేదు. చూడాల్సినవి రెండే: సెన్సార్ ఎంత పెద్దది, లెన్స్ ఎంత వెలుగు లోపలికి వదులుతుంది.

సెన్సార్ అంటే వెలుగు పట్టే పాత్ర అనుకోండి. అదే వానలో చెంబు పెడితే ఎంత నీళ్లు పడతాయి, గంగాళం పెడితే ఎంత పడతాయి? అంతే తేడా. మంచి కాంపాక్ట్‌లలో ఎక్కువగా కనిపించేది ‘ఒక అంగుళం’ సెన్సార్. స్కేలు పెట్టి కొలిస్తే మాత్రం అంగుళం రాదు. 13.2 మిల్లీమీటర్ల పొడవు, 8.8 మిల్లీమీటర్ల వెడల్పు, అంతే. పాత వీడియో కెమెరాల్లో గాజు గొట్టాలు ఉండేవి. ఆ గొట్టాల కొలత నుంచి వచ్చిన పేరు ఇప్పటికీ అలా నడిచిపోతోంది. దీనికన్నా పెద్దది ఏపీఎస్-సీ సెన్సార్. సుమారు 23.5 మిల్లీమీటర్లకు 15.6. విస్తీర్ణంలో అంగుళం సెన్సార్‌కి మూడు రెట్లు పైనే.

ఇక లెన్స్. ఎఫ్/1.8, ఎఫ్/2.8 అని రాసి ఉంటుంది కదా, అంకె ఎంత చిన్నదైతే కన్నం అంత పెద్దది. ఎఫ్/2.8 కన్నా ఎఫ్/1.8 దాదాపు రెండున్నర రెట్లు వెలుగుని వదులుతుంది.

ఇప్పుడు మేం తీసుకున్న మూడు రకాలు చూడండి.

ఒకటోది వెలుగు రకం: క్యానన్ జీ7ఎక్స్ మార్క్ 3. అంగుళం సెన్సార్, 24 నుంచి 100 ఎంఎం జూమ్, ఎఫ్/1.8 నుంచి 2.8. తెర పైకి తిరిగి మన మొహం మనకు చూపిస్తుంది. రీల్స్ వాళ్లకి ఇదంటే ప్రాణం.

రెండోది దూరం రకం: సోనీ ఆర్‌ఎక్స్100 మార్క్ 7. అదే సైజు సెన్సార్, 24 నుంచి 200 ఎంఎం జూమ్. కానీ లెన్స్ ఎఫ్/2.8 దగ్గర మొదలై 4.5 దాకా పోతుంది. అంటే దూరం కొన్నది, వెలుగుతో చెల్లించింది!

మూడోది పెద్ద సెన్సార్ రకం: రికో జీఆర్ 3. ఏపీఎస్-సీ సెన్సార్, 28 ఎంఎం, ఎఫ్/2.8. జూమ్ అసలు లేదు. బరువు 257 గ్రాములు. ఫుజీఫిల్మ్ ఎక్స్100-6 కూడా ఈ కోవలోదే. ఎఫ్/2 లెన్స్ కాబట్టి ఇంకా ఎక్కువ వెలుగు పడుతుంది. కానీ బరువు 521 గ్రాములు, ధర మా చెల్లి దాచిన దానికి అందదు. అందుకే దాన్ని తీసుకోలేదు.

ఒకటోదాన్నీ మూడోదాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక తమాషా ఉంది. ఒకదానికి లెన్స్ రెండున్నర రెట్లు మెరుగు. ఇంకోదానికి సెన్సార్ మూడు రెట్లు పెద్దది. జూమ్ చేయకుండా తీసినంతసేపూ రెండూ పట్టే మొత్తం వెలుగులో తేడా కొద్దిగానే! ‘పెద్ద సెన్సార్ అయితే చాలు’ అనే మాటా పూర్తి నిజం కాదు, ‘ఎఫ్/1.8 అయితే చాలు’ అనే మాటా పూర్తి నిజం కాదు. రెండూ కలిపి లెక్కెయ్యాలి.

లేపాక్షి: మసక వెలుగులో అసలు పరీక్ష

బెంగళూరు నుంచి లేపాక్షి సుమారు 120 కిలోమీటర్లు. దారిలో హిందూపురంలో మా అవ్వని ఎక్కించుకున్నాం. ‘ఏమ్మే, అంత సెల్లు పెట్టుకోని మళ్లా ఈ డబ్బాలేంటికి?’ అని కారెక్కుతూనే మొదలుపెట్టింది. అవ్వకి ఆధార్ కార్డు మీద ఉన్నది తప్ప చెప్పుకోదగ్గ ఫొటో ఒక్కటీ లేదు. మా చెల్లికి కెమెరా మీద మనసు పడటానికి అదీ ఒక కారణం.

ఊళ్లోకి రాగానే ముందు కనిపించేది ఏకశిలా నంది. సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. మెడలో గంటల పట్టీ, ఒంటి మీద నగల చెక్కుడు ఎండలో మెరిసిపోతుంటాయి. ఇక్కడ మూడు కెమెరాలూ, మా ఫోన్లూ అన్నీ పాసైపోయాయి. ఫోన్ తెర మీద చూస్తే ఏది దేంతో తీశామో చెప్పలేం. పట్టపగలు, దగ్గరి వస్తువు, కదలని వస్తువు... మీరు తీసేవన్నీ ఇలాంటివే అయితే ఇక్కడే ఆగిపోండి. మీ డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి.

అసలు కథ వీరభద్రస్వామి గుడి లోపల మొదలైంది. 16వ శతాబ్దంలో, విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించిన గుడి ఇది. నాట్యమంటపంలో స్తంభాల మీద వాద్యాలు మోగించే దేవతలు, నాట్యమాడే రంభ, మూడు కాళ్ల భృంగి. నేలకి పూర్తిగా ఆనని వేలాడే స్తంభం దగ్గర ఎప్పుడూ జనమే. కింద నుంచి తువ్వాలు దూర్చి ఇటు నుంచి అటు లాగి చూస్తుంటారు. తలెత్తితే పైకప్పు నిండా బొమ్మలు. పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, వరసగా నిలబడ్డ ఆడవాళ్లు, వాళ్ల చీరల అంచులు. ఎర్రమట్టి రంగు, నలుపు, తెలుపు, అక్కడక్కడా ఆకుపచ్చ. ఐదు వందల ఏళ్ల కిందటి రంగులు. కొన్ని చోట్ల పెచ్చులూడిపోయాయి.

బొమ్మల మీద ఫ్లాష్ వేయకూడదు. ట్రైపాడ్ పెట్టాలంటే పురావస్తు శాఖ అనుమతి కావాలి. ఉన్న వెలుగులో, చేత్తో పట్టుకునే తీయాలి. ఇలాంటి చోట ఫోన్ ఒక్క ఫొటో తీయదు, చకచకా చాలా తీసి కలిపి ఒకటిగా చేస్తుంది. వచ్చిన ఫొటో పట్టపగల్లా ఉంది. కానీ పెద్దది చేసి చూస్తే పెచ్చులూడిన చోట్లు, సన్నటి పగుళ్లు, కుంచె గీతల అంచులు మైనం పూసినట్టు నున్నగా అయిపోయాయి. వెలుగు రకం, పెద్ద సెన్సార్ రకం రెండూ ఆ పగుళ్లని పగుళ్లుగానే ఉంచాయి. దూరం రకానికి ఐఎస్ఓ బాగా పెంచాల్సి వచ్చింది. ఐఎస్ఓ పెంచితే ఫొటోలో ఇసక చల్లినట్టు గరుకు వస్తుంది. అది కెమెరా తప్పు కాదు, దాని లెన్స్‌కి ఇచ్చిన పని అది కాదు.

అవ్వ అలిసిపోయి ఒక స్తంభానికి ఆనుకుని కూర్చుంది. పక్క నుంచి పలచటి వెలుగు. చెల్లి మొదట ఫోన్‌తో తీసింది. మొహం తెల్లగా, నున్నగా వచ్చింది. వెనక మసకబారిన చోట కొప్పు అంచు కత్తిరించినట్టయింది. తర్వాత వెలుగు రకం కెమెరాలో కాస్త జూమ్ చేసి ఒకటి తీసింది. పెద్ద సెన్సార్ దానికి జూమ్ లేదు కదా, 28 ఎంఎంతో మరీ దగ్గరికి పోతే ముక్కు పెద్దదిగా వస్తుంది. అందుకే రెండడుగులు వెనక్కి జరిగి తీసి, తర్వాత చుట్టూ కత్తిరించింది.

మూడూ అవ్వకి చూపించాం. ఫోన్‌లోది చూసి ‘ఈమె యాడో సినిమాలో అవ్వలే’ అంది. మూడోది చూసి కాసేపు ఏమీ మాట్లాడలేదు. ‘ఈ ముడతలు నావే కదమ్మే’ అంది.

మా చెల్లి మొహం చూడాలి ఆ క్షణంలో!

బెలుం: ఉక్కలో కెమెరాకి చెమట

అవ్వని ఇంటి దగ్గర దింపి, అనంతపురం మీదుగా తాడిపత్రి చేరి రాత్రికి అక్కడే ఉన్నాం. అక్కడి నుంచి బెలుం గుహలు సుమారు 30 కిలోమీటర్లు. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలం. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త వీటి గురించి రాశాడు. 1982, 83లలో జర్మన్ బృందం కొలతలు తీసింది. 2002 నుంచి పర్యాటకుల్ని రానిస్తున్నారు. మొత్తం పొడవు 3,229 మీటర్లు. మనం నడవగలిగేది అందులో సగం దాకా.

పొలాల మధ్య నేలలో ఒక గొయ్యి, దాంట్లోకి మెట్లు. దిగుతున్నకొద్దీ ఒంటికి వేడి, తేమ చుట్టుకుంటాయి. పది నిమిషాల్లో చొక్కా తడిసిపోతుంది. కెమెరాకీ అంతే! ఏసీ కారులో చల్లబడిన కెమెరాని నేరుగా ఈ ఉక్కలోకి తెస్తే లెన్స్ అద్దం మీద ఆవిరి పట్టేస్తుంది. వర్షాకాలం కళ్లజోడు పెట్టుకుని ఏసీ బస్సు దిగినట్టే. కంగారుపడి తుడవొద్దు. గుహ దగ్గరికి రాకముందే కారులో ఏసీ ఆపేయండి. కెమెరాని జిప్ కవర్‌లో పెట్టి, పావుగంట బయటి వేడికి అలవాటు పడనివ్వండి. అప్పుడు బయటికి తీయండి. మేం తీసుకెళ్లిన మూడింట్లో ఏదీ నీళ్లకీ దుమ్ముకీ తట్టుకునేలా సీలు చేసినది కాదు. కాంపాక్ట్‌లలో చాలావరకు అంతే. మీరు ఎక్కువగా వానలో, జలపాతాల కింద, సముద్రంలో తీసేవాళ్లయితే వాటర్‌ప్రూఫ్ కాంపాక్ట్‌లు వేరే ఉన్నాయి. వాటిలో సెన్సార్ చిన్నది, ధైర్యం పెద్దది.

గుహలో ఇంకో సమస్య దీపాలు. ఒక మూల పసుపు, ఒక మూల నారింజ. అసలు రాయి రంగేమిటో కెమెరాకి అర్థం కాదు. ఇక్కడ పనికొచ్చేది రా ఫైల్. మామూలు జేపెగ్ ఫొటో వండిన అన్నం లాంటిది, ఉప్పు ఎక్కువైతే చేసేదేం లేదు. రా ఫైల్ బియ్యం లాంటిది. ఇంటికెళ్లాక మీకు కావలసినట్టు వండుకోవచ్చు. మూడు కెమెరాలూ రా ఇస్తాయి. ఇవ్వని కెమెరాకి ఇంత డబ్బు పెట్టడం దండగ.

కోటిలింగాల గది దాటి పాతాళగంగ వైపు దిగేటప్పుడు కొన్ని చోట్ల బాగా వంగి నడవాలి. ఒక చెయ్యి గోడ మీద, ఒక చెయ్యి ఖాళీగా. అప్పుడు తెలిసింది జేబులో పట్టడం అంటే ఏమిటో. మెడలో వేలాడేదైతే రాయికి కొట్టుకుంటుందేమోనన్న భయంతోనే సగం గుహ అయిపోతుంది. కుర్తా జేబులో నుంచి తీసి, ఒంటి చేత్తో ఆన్ చేసి, క్లిక్ కొట్టి మళ్లీ లోపల పెట్టేయగలగాలి. షాపులో ఈ పరీక్ష చేసి చూడండి. జేబులో పట్టకపోతే అది ఇంట్లోనే ఉంటుంది. ఇంట్లో ఉన్న కెమెరా సెన్సార్ ఎంత పెద్దదైతే ఏం?

గండికోట: దూరం, ఎండ, అంచు

బెలుం నుంచి జమ్మలమడుగు వైపు వెళ్తే సాయంత్రానికి గండికోట. ఎర్రమల కొండల్ని పెన్నానది కోసుకుంటూ పోయిన లోయ అది. సుమారు 300 అడుగుల లోతు. గండి, దాని మీద కోట, అందుకే గండికోట. పెమ్మసాని నాయకులు ఏలిన చోటు. లోపల మాధవరాయస్వామి గుడి, జుమ్మా మసీదు, పాత ధాన్యాగారం. అన్నీ దాటుకుని బండల మీదికి ఎక్కితే కింద ఆకుపచ్చటి నీళ్ల గీత.

ఇక్కడ దూరం రకం కెమెరా పండగ చేసుకుంది. అవతలి గట్టు మీద పేర్చినట్టున్న ఎర్రబండల అంచులు, మసీదు మినార్ మీద వాలిన పావురాలు... 200 ఎంఎంలో అన్నీ చేతికందేంత దగ్గర. లేపాక్షిలో వెనకబడింది ఇక్కడ మొదటి ర్యాంకు! ఎండలో వెలుగుకి కరవు లేదు కాబట్టి ఎఫ్/4.5 అయినా ఇబ్బంది లేదు. పైగా దాంట్లో చిన్న వ్యూఫైండర్ ఉంది, నొక్కితే పైకి లేస్తుంది. మధ్యాహ్నం ఎండలో తెర మీద ఏమీ కనిపించనప్పుడు కన్ను ఆనించి చూడొచ్చు. మిగతా రెండింటికీ అది లేదు. చెయ్యి అడ్డం పెట్టుకుని, అంచనాతో తీయడమే.

మర్నాడు సూర్యోదయానికి ఇంకో పరీక్ష. ఆకాశం వెలిగిపోతోంది, లోయ ఇంకా నీడలోనే ఉంది. రెండూ ఒకే ఫొటోలో రావాలి. ఆకాశం సరిగ్గా వచ్చేలా తీసి, తర్వాత రా ఫైల్‌లో నీడల్ని పైకి లేపి చూశాం. పెద్ద సెన్సార్‌లో బండల గీతలు శుభ్రంగా బయటికొచ్చాయి. చిన్నవాటిలో కాస్త గరుకు. ఫోన్ మాత్రం ఒక్క క్లిక్‌తో రెండింటినీ సర్దేసింది. కాకపోతే కొండ వెనక అసలు లేని వెలుగు వచ్చి కూర్చుంది. సోషల్ మీడియాలో పెట్టుకోవడానికి అది చాలనుకుంటే చాలు, తప్పేం లేదు.

ఒక్క మాట. గండికోట అంచున చాలా చోట్ల కంచె లేదు. తెరలో చూసుకుంటూ వెనక్కి అడుగు వేయొద్దు. ఫొటో కోసం కదలాలంటే ముందు కెమెరా దించండి, తర్వాత కాలు కదపండి.

చివరికి ఏది కొంది?

ఇంటికొచ్చాక ఫొటోలన్నీ లాప్‌టాప్‌లో పోసి చూశాం. ‘అక్కా, ఒక్కో చోట ఒక్కోటి గెలిచింది. ఇప్పుడెలా?’ అని తల పట్టుకుంది. అప్పుడు తనతో ఒక పని చేయించాను. తన ఫోన్‌లో ఏడాదిగా ఉన్న ఫొటోల్లో బాగా ఇష్టమైనవి 50 తీయమన్నాను. ఒక్కోదాని వివరాలు చూసి మూడు గడుల్లో గీతలు పెట్టింది: మనుషులా, దృశ్యాలా? వెలుగులోనా, మసకలోనా? దగ్గరా, దూరమా?

50లో 38 మనుషులవి. సగానికి పైగా ఇంట్లోనో, రాత్రిపూటో తీసినవి. బాగా జూమ్ చేసినవి నాలుగే. తను కొనాల్సింది దూరం కాదు, వెలుగు అని తేలిపోయింది.

అయితే ఒకటోదా, మూడోదా? ఫోన్‌లోని మెయిన్ కెమెరా సాధారణంగా 24 నుంచి 26 ఎంఎం మధ్య చూస్తుంది. 28 కొంటే దాదాపు ఉన్న చూపే మళ్లీ కొన్నట్టు. రికోలోనే 40 ఎంఎంతో జీఆర్ 3ఎక్స్ అని ఉంది, అదే సైజు సెన్సార్. మనుషుల మొహాలు సాగకుండా, చూసినట్టు వస్తాయి. దాంట్లో 4కే వీడియో లేదు, తెర తిరగదు, బ్యాటరీ ఒక ఛార్జికి 200 ఫొటోల చుట్టూ. ‘రీల్స్‌కి ఫోన్ ఉంది కదక్కా’ అంది. అంతే, సెకండ్‌హ్యాండ్‌లో అది దొరికింది, దాచిన డబ్బులోనే. ఇంకో బ్యాటరీ కూడా కొనుక్కుంది.

మీ 50 ఫొటోల్లో సగం రీల్స్ కోసం తీసినవైతే మీకు తిరిగే తెర, మైకు పెట్టుకునే సదుపాయం ఉన్న ఒకటో రకం. పక్షులు, కోటలు, స్టేజీ ప్రోగ్రామ్‌లైతే రెండోది. అన్నీ పగలు తీసినవైతే... చెప్పానుగా, ఫోన్ చాలు.

కొనేటప్పుడు ఇవి చూసుకోండి. కొత్తదైతే జీఎస్టీ బిల్లు, మన దేశంలో చెల్లే వారంటీ కార్డు అడగండి. బయటి దేశం నుంచి వచ్చిన సరుకు చవగ్గా దొరకొచ్చు, రిపేరు వస్తే ఆ చవక కనపడదు. సెకండ్‌హ్యాండ్ అయితే లెన్స్ కన్నాన్ని వీలైనంత చిన్నది చేసి, తెల్లగోడని ఒక ఫొటో తీయండి. నల్లచుక్కలు కనిపిస్తే సెన్సార్ మీద దుమ్ము ఉన్నట్టే. కాంపాక్ట్‌లో లెన్స్ ఊడదు కాబట్టి దాన్ని మనం తుడవలేం. ఆన్, ఆఫ్ పదిసార్లు చేసి లెన్స్ బయటికి వచ్చేటప్పుడు గరగర శబ్దం వస్తోందేమో వినండి. లెన్స్ మూసి కొన్ని సెకన్ల ఫొటో తీస్తే తెల్లచుక్కలు మెరుస్తున్నాయేమో చూడండి. మెమరీ కార్డు మీదే పట్టుకెళ్లండి, ఫొటోలు ఇంటికి తెచ్చుకుని పెద్దది చేసి చూశాకే డబ్బు ఇవ్వండి.

మొన్న స్టూడియోకి వెళ్లి అవ్వ ఫొటో పెద్ద సైజు ప్రింట్ వేయించింది మా చెల్లి, ఈసారి కొత్త కెమెరాతో హిందూపురం ఇంటి అరుగు మీద తీసినది. పిన్ని దాన్ని హాల్లో, టీవీ పక్కనే పెట్టుకుంది. గొలుసు సంగతి మాత్రం ఇంకా మర్చిపోలేదు.

మీరు కెమెరా కొనేది వచ్చే నెలైనా ఆ 50 ఫొటోల లెక్క ఈ రాత్రికే మొదలుపెట్టండి. ఫోన్ ఎలాగూ చేతిలోనే ఉందిగా!